బ్యాలెట్ పెట్టె ఎక్కడ పెట్టాలి?

టర్కీ, బల్గేరియా సరిహద్దులో కపికులె అనే చెక్‌పోస్టు ఉంది. జర్మనీ ఫ్యాక్టరీల్లో, గనుల్లో పనిచేసే టర్కీ కార్మికులు వేసవి సెలవులకు కార్లలో సామాన్లు కుక్కుకుని సొంతూళ్లకు వచ్చే దారి అది. 1987 నుంచి పాతికేళ్లకు పైగా, విదేశంలో ఉంటున్న టర్కీ పౌరుడు ఓటు వేయాలంటే ఇలాంటి చెక్‌పోస్టుకో, విమానాశ్రయంలోని కస్టమ్స్ గేటుకో రావలసిందే. పోలింగుకు కొన్ని వారాల ముందే అక్కడ పెట్టెలు పెట్టేవారు. సెలవు, ఎన్నిక కలిసొస్తే ఓటు పడేది. లేకపోతే లేదు.

ఆ పెట్టె కస్టమ్స్ గేటు దాటి బెర్లిన్, కొలోన్ నగరాలకు చేరడం వెనక ఉన్నది ప్రవాసుల మీద ప్రేమ ఒక్కటే కాదు. 1961 అక్టోబరులో పశ్చిమ జర్మనీతో కుదిరిన ఒప్పందం ప్రకారం వెళ్లినవారిలో చాలామంది అనతోలియా పల్లెల మనుషులు. 1973లో జర్మనీ కొత్తవాళ్లను తీసుకోవడం ఆపేసింది. ఒకసారి వెళ్లిపోతే మళ్లీ రానివ్వరన్న భయంతో ఉన్నవాళ్లు అక్కడే ఉండిపోయి, భార్యాబిడ్డలను రప్పించుకున్నారు. పన్నులు జర్మనీకి కట్టారు, ఓటు మాత్రం అక్కడా లేదు, సొంత దేశంలోనూ అంతంతే. ఈ వెలితిని అప్పటి టర్కీ ప్రధాని ఎర్దొవాన్ అందరికంటే బాగా కనిపెట్టాడు. 2008 ఫిబ్రవరిలో కొలోన్‌లో వేలమంది ముందు నిలబడి, బలవంతంగా మీ అస్తిత్వాన్ని కరిగించేయడం మానవత్వం మీద నేరమని ప్రసంగించాడు. అదే ఏడాది టర్కీ రాజ్యాంగ న్యాయస్థానం ఓటు రహస్యం నిలవదంటూ ప్రవాసులకు తపాలా ఓటు ఇచ్చే నిబంధనను కొట్టేసింది. 2010లో ప్రవాసుల కోసం ప్రత్యేక ప్రభుత్వ విభాగం వచ్చింది. 2012 చట్టం కాన్సులేట్లలో పోలింగుకు దారి తెరిచింది.

2014 ఆగస్టు అధ్యక్ష ఎన్నికల్లో తొలి ప్రయత్నం నవ్వులపాలైంది. ఎవరు ఏ రోజు రావాలో ముందే నిర్ణయించే పద్ధతి పెట్టడంతో కాన్సులేట్లలో పోలింగ్ పది శాతం కూడా దాటలేదు. మరుసటి ఏడాదికి ఆ నిబంధన ఎత్తేశారు, జనం క్యూలు కట్టారు.

అసలు రచ్చ 2017లో జరిగింది. అధికారాలన్నీ అధ్యక్షుడి చేతిలో పెట్టే రాజ్యాంగ సవరణ మీద ఏప్రిల్ 16న ప్రజాభిప్రాయ సేకరణ. ప్రచారానికి మంత్రులు యూరప్‌కు బయలుదేరారు. మార్చి 11న విదేశాంగ మంత్రి విమానాన్ని నెదర్లాండ్స్ దిగనివ్వలేదు. రోడ్డు మార్గాన రోటర్‌డామ్ చేరిన కుటుంబ వ్యవహారాల మంత్రిణిని పోలీసులు జర్మనీ సరిహద్దు దాకా తీసుకెళ్లి వదిలేశారు. ఎర్దొవాన్ డచ్చివాళ్లను నాజీల అవశేషాలన్నాడు. నాలుగు రోజుల్లో అక్కడా ఎన్నికలు. అప్పటికి అధ్యక్షుడైన ఎర్దొవాన్‌కూ, డచ్ ప్రధానికీ ఆ తగవు కలిసొచ్చిందనే నా అనుమానం. సవరణ 51.4 శాతంతో నెగ్గింది. జర్మనీలో ఓటేసినవాళ్లలో 63 శాతం, నెదర్లాండ్స్‌లో 71 శాతం అవునన్నారు. బ్రిటన్, అమెరికాల్లో ఉన్న టర్కీ ఓటర్లు మాత్రం అయిదింట నలుగురు కాదన్నారు. కూలికి వెళ్లిన పల్లెవాసి, ఆశ్రయం వెతుక్కుంటూ వెళ్లిన కుర్దు, చదువుకు వెళ్లిన ఇస్తాంబుల్ అమ్మాయి ముగ్గురూ ప్రవాసులే. వాళ్లది ఒకే ఓటు బ్యాంకు అనుకోవడం పొరపాటు.

మరి ఈ ఓట్లు ఫలితాన్ని తిప్పాయా? లెక్క చూస్తే, లేదు. 2023 మే 28న అధ్యక్ష ఎన్నిక రెండో విడతలో ఎర్దొవాన్‌కు 52.18 శాతం వచ్చింది. ఆధిక్యం సుమారు 23 లక్షలు. విదేశాల్లో నమోదైన 34 లక్షల మందిలో సగానికి కాస్త పైన ఓటేస్తే, అక్కడ దక్కిన ఆధిక్యం నాలుగు లక్షలు కూడా లేదు. జర్మనీలో ఆ రాత్రి కార్ల హారన్లు మోగించినవాళ్లను చూసి, టర్కీ మూలాలున్న జర్మన్ మంత్రి చెమ్ ఓజ్‌దెమిర్ కోప్పడ్డాడు: వీళ్ల ఓటు పర్యవసానాన్ని భరించేది వీళ్లు కాదు కదా అని. న్యాయమైన మాటే. కానీ అరవై ఏళ్లు పనిచేయించుకుని ఓటివ్వని దేశం వైపు నుంచి వచ్చిన మాట కావడంతో కాస్త పలచబడింది.

ఒక్క సీటు లెక్క తప్పకూడదనుకునేవాడికి హంగరీ పాఠం పనికొస్తుంది. 1920 త్రియానాన్ ఒప్పందంతో హంగరీ మూడింట రెండు వంతుల భూభాగం పోగొట్టుకుంది. లక్షలాది హంగేరియన్లు ఇల్లు కదలకుండానే రొమేనియా, సెర్బియా, స్లొవేకియా వాసులైపోయారు. వాళ్లకు పౌరసత్వం ఇవ్వాలా అని 2004 డిసెంబరులో జనాన్ని అడిగితే, చాలినంత మంది ఓటేయక ఆ ప్రతిపాదన వీగిపోయింది. 2010లో మూడింట రెండొంతుల బలంతో ప్రధానిగా వచ్చిన ఓర్బాన్ కొన్ని వారాల్లోనే పౌరసత్వ చట్టం మార్చాడు, వెనకే ఓటూ ఇచ్చాడు. 2017 చివరికి కొత్త పౌరులు పది లక్షలు.

కిటుకు నిబంధనల్లో ఉంది. హంగరీలో చిరునామా లేని, రొమేనియాలోని ట్రాన్సిల్వేనియా హంగేరియన్ ఇంట్లో కూర్చుని తపాలాలో ఓటు పంపొచ్చు. బుడాపెస్టులో చిరునామా ఉంచుకుని లండన్ హోటల్లో పనిచేసే కుర్రాడు మాత్రం దౌత్య కార్యాలయానికి వెళ్లి వరసలో నిలబడాలి. మొదటివాడు పౌరసత్వం ఇచ్చిన చేతిని మరచిపోడు. రెండోవాడు ఓర్బాన్ పాలనలో బతుకు కుదరక వెళ్లినవాడు కావచ్చు. 2014లో తపాలా ఓట్లలో 95 శాతం ఓర్బాన్ పార్టీ ఫిదెస్‌కే పడ్డాయి. 199 సీట్ల సభలో ఆ పార్టీకి వచ్చినవి 133, రాజ్యాంగం మార్చడానికి సరిగ్గా సరిపోయినన్ని. చివరి ఆ ఒక్క సీటు తపాలా ఓట్లదేనని చాలామంది పరిశీలకుల లెక్క. 2022 ఎన్నికలకు ముందు రొమేనియాలో ఓ చెత్తకుప్ప దగ్గర సగం కాలిన తపాలా బ్యాలెట్లు దొరికాయి. ఎవరు కాల్చారన్నది పక్కన పెడితే, ఎవరూ చూడని దారిలో ప్రయాణించే ఓటుకు ఉన్న ప్రమాదమే అది.

మనవాళ్ల సంగతి వేరేలా ఉంది. 2010 చట్ట సవరణతో ప్రవాస భారతీయులకూ ఓటుంది, కానీ సొంత నియోజకవర్గానికి వచ్చి వేయాలి. నిజామాబాద్ నుంచి దుబాయి వెళ్లిన కూలీకి ఆ విమానం టిక్కెట్టే అడ్డుగోడ.

వెళ్లినవాళ్లు తమ మీద కోపంతో వెళ్లారని తెలిసిన పాలకులు పెట్టెనే ఎత్తేస్తారు. 2020 ఆగస్టు అధ్యక్ష ఎన్నికల్లో బెలారూస్ దౌత్య కార్యాలయాల ముందు పొడవాటి వరసలు కనబడ్డాయి. వేలమంది ఓటేయకుండానే తలుపులు మూశారు. అధికారిక ఫలితం అధ్యక్షుడు లుకషెంకాకు 80 శాతం. 2025 జనవరి ఎన్నికకు విదేశాల్లో ఒక్క పోలింగ్ బూత్ కూడా తెరవలేదు. వెనిజులా అంత బాహాటంగా చేయలేదు. దేశం విడిచిన 77 లక్షల మందిలో 2024 జూలై ఎన్నికకు విదేశాల్లో ఓటేసే వీలున్నవాళ్లు దాదాపు 69 వేలు. నమోదు ఆలస్యంగా మొదలైంది, శాశ్వత నివాసపు కాగితాలు అడిగారు, అమెరికాలో కాన్సులేట్లే లేవు. ఓటుహక్కు మాత్రం కాగితం మీద భద్రంగా ఉంది.

అయినా ఓటు లేని ప్రవాసి చేతులు కట్టుకుని కూర్చోడు. గాంబియాలో ఓటంటే గోలీ. అభ్యర్థి డ్రమ్ములో గోలీ వేస్తే లోపల గంట మోగుతుంది. 22 ఏళ్లు ఏలిన యాహ్యా జామె ప్రవాసులకు ఆ గోలీ ఇవ్వలేదు. వాళ్లు యూరప్, అమెరికాల నుంచి ప్రతిపక్ష కూటమికి డబ్బు పంపారు, ఫోన్లలో ఇంటివాళ్లకు నచ్చజెప్పారు. నెలనెలా ఇంటి ఖర్చుకు పంపే కొడుకు మాటకు ఆ ఇంట్లో విలువ ఉంటుంది. 2016 డిసెంబరు 1న జామె ఓడాడు. గెలిచిన అదామా బారో కూడా ఒకప్పుడు లండన్ దుకాణంలో కాపలా పనిచేసినవాడే. 2021 జనవరిలో గాంబియా సుప్రీంకోర్టు ప్రవాసులకు ఓటుహక్కు ఉందని తేల్చింది. అదే ఏడాది డిసెంబరులో అధ్యక్ష ఎన్నికలు జరిగాయి. బారో మళ్లీ గెలిచాడు. విదేశాల్లో డ్రమ్ములు పెట్టలేదు.