అవుట్‌బోర్డ్ మోటారులో స్పార్క్ లోపం

పడవ వెనుక బిగించే పెట్రోల్, కిరోసిన్ ఇంజన్లు తాడు ఎంత లాగినా స్టార్ట్ కాకపోవడానికి ఒక ముఖ్య కారణం స్పార్క్ రాకపోవడం. డీజిల్ ఇంజన్లకు స్పార్క్ ప్లగ్గే ఉండదు కనుక ఈ సమస్య వాటికి లేదు.

నేటి చిన్న మోటార్లలో ఎక్కువ వాటికి సీడీఐ (కెపాసిటర్ డిశ్చార్జ్ ఇగ్నిషన్) పద్ధతి ఉంటుంది. ఫ్లైవీల్ అయస్కాంతాలు తిరిగినప్పుడు ఛార్జింగ్ కాయిల్‌లో కరెంటు పుట్టి సీడీఐ యూనిట్‌లో నిల్వ అవుతుంది. ట్రిగ్గర్ కాయిల్ సంకేతంతో అది ఇగ్నిషన్ కాయిల్‌కు చేరి, వేల వోల్టులుగా మారి ప్లగ్ వద్ద నిప్పురవ్వ అవుతుంది.

పరీక్షకు ముందు పెట్రోల్ ఆవిరి పోయేలా గాలి ఆడనివ్వాలి. కొత్త ప్లగ్‌ను వైరుకు తగిలించి, దాని లోహభాగాన్ని ఇంజన్ బాడీకి గట్టిగా ఆనించి తాడు లాగాలి. నీలిరంగు రవ్వ టప్పున రావాలి. ప్లగ్ వైరును గాలిలో వదిలి లాగితే సీడీఐ పాడవవచ్చు.

స్పార్క్ అసలు రాకపోతే మొదట చూడాల్సింది స్టాప్ స్విచ్, దాని ఎర్ర తాడు క్లిప్పు. క్లిప్పు ఊడితే స్పార్క్ ఆగిపోతుంది. ఇది చూడకపోవడం వల్లే చాలాసార్లు ఖరీదైన భాగాలు అనవసరంగా మారుస్తారు. స్టాప్ స్విచ్ నుంచి వచ్చే స్టాప్ వైరును విడదీసినప్పుడు స్పార్క్ వస్తే లోపం స్విచ్‌లోనో, ఆ వైరులోనో ఉన్నట్టే. తరువాత ఉప్పునీటికి పచ్చగా చిలుము పట్టిన ఎర్త్ కనెక్షన్లు శుభ్రం చేయాలి. ఒక్క సిలిండర్‌కే స్పార్క్ లేకపోతే ఆ ప్లగ్, ఇగ్నిషన్ కాయిల్ అనుమానించాలి. కాయిళ్ల నిరోధాన్ని మల్టీమీటర్‌తో కొలిచి తయారీదారు పుస్తకంలోని విలువలతో పోల్చాలి. సీడీఐ యూనిట్ మార్చడం చిట్టచివరి పని.

తాత్కాలికంగా విడదీసిన స్టాప్ వైరును తిరిగి కలపకుండా పడవను నీటిలోకి దింపకూడదు.