బజారు వెడల్పు చేస్తామంటే మీ దుకాణం సంగతేంటి? యజమాని, అద్దెదారు, తోపుడు బండి: ఎవరికి ఏం వస్తుంది?

మైలవరం డ్యామ్ చుట్టుపక్కల పల్లెల్లో పెళ్లి కుదిరిందంటే బంగారానికి బస్సెక్కేది ప్రొద్దుటూరుకే. 'రెండో బొంబాయి' అని పేరు తెచ్చుకున్న ఆ బజారుకు ఇప్పుడున్న చిక్కల్లా చోటే. ఎడ్ల బండ్ల కాలంలో వేసిన వీధుల్లోకి కార్లు వచ్చాయి. కొనేవాళ్లు బండి ఎక్కడ పెట్టాలో తెలియక ఊరి బయట షోరూముల వైపు చూస్తున్నారు. పాత బజారును బాగుచేయాలి, రోడ్డు వెడల్పు చేయాలి, కొత్త కాంప్లెక్సు కట్టాలి అనే మాటలు ప్రొద్దుటూరులోనే కాదు, ఏ ఊళ్లోనైనా వినిపించేవే. మరి ఆ మాట నిజంగా మీ దుకాణం దాకా వస్తే ఏం జరుగుతుంది?

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

మన జిల్లాలోనే రెండు ఉదాహరణలున్నాయి. పులివెందులలో ప్రత్యేకంగా ఏర్పాటైన ప్రాంత అభివృద్ధి సంస్థ 'పాడా' ద్వారా పనులు జరిగాయి. సెంట్రల్ బౌలెవార్డ్, గాంధీ జంక్షన్, షాపింగ్ కాంప్లెక్సు, మినీ సచివాలయం వంటివాటిని 2024 మార్చి 11న అప్పటి ముఖ్యమంత్రి జగన్ ప్రారంభించారు. అది ముఖ్యమంత్రి సొంత నియోజకవర్గం. అన్ని ఊళ్లకూ ఆ వెసులుబాటు ఉండదు. రెండోది గండికోట. పర్యాటక అభివృద్ధికి కేంద్రం 'సాస్కి' పథకం కింద రూ.77.91 కోట్లు మంజూరు చేసింది. రాష్ట్రాలకు 50 ఏళ్ల వడ్డీ లేని రుణంగా ఇచ్చే డబ్బు అది. కోట చూడ్డానికి వచ్చేవాళ్లు పెరిగితే దగ్గరి ఊరు జమ్మలమడుగు బజారుకూ గిరాకీ పెరగాలి.

ఇలాంటి నిధులేవీ లేని మున్సిపాలిటీకి మిగిలేది సొంత ఆదాయం. అందులో ముఖ్యమైనది ఆస్తి పన్ను. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి ఈ పన్నును అద్దె విలువ మీద కాకుండా ఆస్తి మూలధన విలువ మీద లెక్కిస్తున్నారు. ఏటా పెరుగుదల 15 శాతం దాటకూడదని పరిమితి పెట్టారు. అంటే బజారు బాగుపడి స్థలం విలువ పెరిగితే పన్నూ పెరుగుతుంది. ఆ భారాన్ని యజమాని చివరికి అద్దెలోనే కలుపుతాడు, ఇది మనకు తెలియనిదేం కాదు.

గోడ మీద ఎర్ర గుర్తు వేశారు. అది నోటీసేనా?

కాదు. మున్సిపల్ సిబ్బంది టేపు పెట్టి కొలిచి రంగు పూసినంత మాత్రాన మీ స్థలం ప్రభుత్వానిది అయిపోదు. స్థలం తీసుకోవడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి.

మొదటిది టీడీఆర్ బాండు. రోడ్డుకు పోయే భాగాన్ని మీరు గిఫ్ట్ డీడ్ ద్వారా మున్సిపాలిటీకి రాసిస్తే, నగదుకు బదులు అదనపు నిర్మాణ హక్కు ఇస్తారు. దాన్ని మీరు వాడుకోవచ్చు, బిల్డర్‌కు అమ్ముకోవచ్చు. హైదరాబాద్, విశాఖ లాంటి చోట్ల పెద్ద భవనాలు కట్టేవాళ్లుంటారు కాబట్టి వీటికి గిరాకీ ఉంటుంది. రెండు మూడు అంతస్తుల ఊళ్లో అదనపు హక్కు ఎవరు కొంటారన్నది ముందే ఆలోచించుకోవాలి. తణుకు, తిరుపతి బాండ్ల జారీపై ఆరోపణలు, విచారణలు కూడా నడిచాయి. మరో సంగతి, బాండు స్థలం యజమాని పేరు మీదే వస్తుంది. అద్దెకున్నవారికి అందులో వాటా లేదు.

రెండోది 2013 భూసేకరణ చట్టం. ఇందులో నగదు వస్తుంది. ప్రాథమిక నోటిఫికేషన్ వెలువడ్డాక అభ్యంతరాలు చెప్పుకోవడానికి 60 రోజుల గడువుంటుంది. రిజిస్ట్రేషన్ విలువ, చుట్టుపక్కల గత మూడేళ్లలో జరిగిన అమ్మకాల్లో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాన్ని మార్కెట్ విలువగా తీసుకుంటారు. దానికి కట్టడం విలువ కలిపి, మొత్తంపై అంతే మొత్తాన్ని సొలేషియంగా ఇస్తారు. లెక్క కోసం గజం రూ.40 వేలు అనుకుందాం. పది గజాలు పోతే స్థలానికి రూ.4 లక్షలు, గోడలూ కప్పూ రూ.2 లక్షలు, సొలేషియం మరో రూ.6 లక్షలు, మొత్తం రూ.12 లక్షలు. మార్కెట్ విలువపై ఏడాదికి 12 శాతం చొప్పున అదనపు మొత్తం కూడా ఉంటుంది.

ఇక్కడే మన అలవాటు మన మెడకే చుట్టుకుంటుంది. స్టాంపు డ్యూటీ తగ్గించుకోవడానికి దస్తావేజులో ఒక ధర రాసి, చేతికి మరో ధర పుచ్చుకోవడం బజారు స్థలాల్లో మామూలే. పరిహారం లెక్కేసే అధికారి చూసేది దస్తావేజునే.

అద్దెకున్నవాళ్ల మాటేమిటి?

గండికోట జలాశయం కింద 2020లో ఊరు ఖాళీ చేసిన తాళ్లప్రొద్దుటూరు వాళ్లను అడిగితే చెబుతారు, జాబితాలో పేరుండటానికీ లేకపోవడానికీ ఎంత తేడానో. బజారులోనూ అంతే.

భూమి లేకపోయినా, సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ చోటే ప్రధాన జీవనాధారంగా ఉన్న కుటుంబాన్ని 2013 చట్టం 'ప్రభావిత కుటుంబం'గానే గుర్తిస్తుంది. చేతివృత్తులవారికి, చిరు వ్యాపారులకు, స్వయం ఉపాధి పొందేవారికి ఒకసారి ఇచ్చే సాయం కనీసం రూ.25,000 అని రెండో షెడ్యూలులో ఉంది. నిజం చెప్పాలంటే, బజారులో కొత్త దుకాణం అడ్వాన్సుకు ఈ డబ్బు ఏ మూలకూ చాలదు. కానీ అది కూడా పేరు నమోదైతేనే వస్తుంది.

పెద్ద దుకాణదారుకు బిల్లులూ జీఎస్టీ నంబరూ ఉంటాయి. సందులో కుంపటి ముందు కూర్చుని కూలికి నగలు చేసే స్వర్ణకారుడికి ఏముంటాయి? యజమానితో నోటి మాట మీదే అద్దె. ఇలాంటివారు ఇప్పటి నుంచే అద్దె రసీదు తీసుకోవడం, ట్రేడ్ లైసెన్సు లేదా ఉద్యం రిజిస్ట్రేషన్ చేయించుకోవడం, కరెంటు బిల్లుల కాపీలు దాచుకోవడం మంచిది. నోటిఫికేషన్ వచ్చాక తీసుకున్న కాగితం మూడేళ్ల ఉనికికి సాక్ష్యం కాలేదు.

తోపుడు బండ్లు, పూల గంపలు

వీరికి వేరే చట్టం ఉంది, 2014 వీధి వ్యాపారుల చట్టం. సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. ఆ తర్వాతైనా 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సరుకు జప్తు చేస్తే, పండ్లూ కూరగాయల్లాంటివి అడిగిన రోజే, మిగతావి రెండు పనిదినాల్లో తిరిగివ్వాలి. ఎవరు ఎక్కడ అమ్ముకోవాలో తేల్చడంలో పట్టణ వెండింగ్ కమిటీ మాట కీలకం. అందులో 40 శాతం మంది వీధి వ్యాపారులే, వారు ఎన్నుకున్నవాళ్లే ఉండాలి. మీ ఊళ్లో ఆ కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుందో మున్సిపల్ కార్యాలయంలో అడిగి చూడండి.

పడగొట్టకుండా బాగుచేయలేమా?

ఢిల్లీ చాందినీ చౌక్‌లో ఎర్రకోట నుంచి ఫతేపురి మసీదు దాకా 1.3 కిలోమీటర్ల వీధిని పగలు మోటారు వాహనాలు రాకుండా నడకదారిగా మార్చి 2021లో ప్రారంభించారు. కెనడాలోని టొరంటోలో బ్లూర్ వెస్ట్ విలేజ్ వ్యాపారులు 1970లోనే మరో దారి పట్టారు. మాల్స్ వచ్చి గిరాకీ తగ్గుతుంటే, తమ మీద తామే అదనపు రుసుము వేయించుకుని దీపాలు, బెంచీలు, ప్రచారం చూసుకున్నారు. దసరాను అంత ఘనంగా చేసుకునే ప్రొద్దుటూరు వర్తకులకు చందా వేసుకుని పని నడిపించడం కొత్త కాదు. పార్కింగుకు బజారు అంచున చోటు చూపి, లోపలి వీధులను కొన్ని గంటలైనా నడకకు వదిలితే ఎన్ని గోడలు మిగులుతాయో ముందు లెక్కేయాలి. పడగొట్టాక వేసే లెక్క ఎవరికీ పనికిరాదు.

ఇప్పుడు మీరేం చేయొచ్చు?

మాస్టర్ ప్లాన్‌లో మీ వీధి వెడల్పు ఎంతని ఉందో వార్డు సచివాలయంలో ప్లానింగ్ కార్యదర్శిని అడగండి. సమాధానం రాకపోతే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. 'స్వచ్ఛందంగా, ఉచితంగా ఇస్తున్నాను' అని రాసిన కాగితం ఎవరు తెచ్చినా, ఇంటికి తీసుకెళ్లి చదివించుకున్నాకే సంతకం పెట్టండి.

అవార్డు ప్రకటించాక మొత్తం తక్కువనిపిస్తే, మీరు అక్కడ హాజరై ఉంటే ఆరు వారాల్లోపు కలెక్టరుకు దరఖాస్తు చేసి, విషయాన్ని భూసేకరణ అథారిటీకి పంపమని కోరవచ్చు. చెక్కు తీసుకునేటప్పుడు రసీదు మీద 'అభ్యంతరంతో తీసుకుంటున్నాను' అని రాయడం మరవద్దు. ఆ మాట లేకుండా డబ్బు తీసుకున్నవారికి ఎక్కువ అడిగే హక్కు పోతుందని 77వ సెక్షన్ చెబుతోంది.