ఒట్టు నుంచి చట్టం దాకా

సినిమా కోర్టులో బంట్రోతు భగవద్గీత పట్టుకొస్తాడు. సాక్షి దాని మీద చెయ్యేసి అంతా నిజమే చెబుతానంటాడు. అసలు కోర్టులో గీతతో పని లేదు. దైవభయం మీద న్యాయం ఎంతవరకు నిలబడుతుందన్న అనుమానం మాత్రం మన దేశంలో చాలా పాతది, తెల్లదొరలు తెచ్చిపెట్టింది కాదు.

యాజ్ఞవల్క్యస్మృతి రుజువులను వరసగా చెప్పింది: పత్రం, అనుభవం (ఆస్తిని అనుభవిస్తూ ఉండటం), సాక్షులు. ఈ మూడింటిలో ఏదీ దొరకనప్పుడే ‘దివ్యం’, అంటే దైవపరీక్ష. తుల, అగ్ని, జలం, విషం, కోశం అని అవి అయిదు. కోశమంటే ఉగ్రదేవతను అభిషేకించిన నీళ్లు మూడు పుడిసిళ్లు తాగడం. పద్నాలుగు రోజుల్లోగా రాజు వల్లగానీ దైవం వల్లగానీ ఘోరమైన ఆపద రాకపోతే ఆ మనిషి నిర్దోషి. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యను 13వ శతాబ్దంలో కేతన ‘విజ్ఞానేశ్వరీయము’గా తెనిగించాడు. పూర్వం అంతా దేవుడి మీదే భారం వేసేవారని అనుకుంటాం గానీ, శాస్త్రం దేవుణ్ణి పిలిచింది చిట్టచివరనే.

1783లో కాశీలో దొంగతనం నేరం మోపబడ్డ ఒకడికి అగ్నిపరీక్ష పెట్టారు. అప్పుడక్కడ న్యాయాధికారి అలీ ఇబ్రహీం ఖాన్. సాక్ష్యం లేదు, ముద్దాయి పరీక్షకు ఒప్పుకున్నాడు. అరచేతుల్లో రావి ఆకులు పరిచి, ఎర్రగా కాల్చిన ఇనుప గుండు పెట్టారు. నేల మీద గీసిన వలయాలు దాటుకుంటూ నడిచి దాన్ని ఎండుగడ్డిలో పడేశాడు. చేతులు కాలలేదు. అతణ్ణి వదిలేసి, ఫిర్యాదు చేసినవాణ్ణి వారం పాటు ఖైదులో పెట్టారు. ఆ ఆకుల మందం మీదికే నా ఆలోచన పోతుంది మరి!

ఇంగ్లండు తీరూ అంత గొప్పగా ఏమీ లేదు. క్రైస్తవుడు కానివాడి ప్రమాణం చెల్లుతుందా అన్న తగవు 1744లో అమీచంద్ కేసుగా లండన్ కోర్టుకెక్కింది. ఆ కేసులో కలకత్తాలోని హిందూ సాక్షులు బ్రాహ్మణుడి పాదం తాకి ప్రమాణం చేశారు. అబద్ధాన్ని శిక్షించే దేవుడొకడున్నాడని నమ్మేవాడు తన మతాచారం ప్రకారం ప్రమాణం చేయవచ్చని న్యాయమూర్తి లార్డ్ హార్డ్‌విక్ తేల్చాడు. దేవుణ్ణి నమ్మనివాడి సాక్ష్యానికి అక్కడ తలుపు తెరిచేసరికి 1869 అయింది.

ఇక్కడ కంపెనీ కోర్టుల్లో గంగాజలం, ఖురాన్ మీద బలవంతపు ప్రమాణాలను 1840 చట్టం తీసేసింది. అవి వారి మనస్సాక్షికి విరుద్ధమనీ, న్యాయానికే అడ్డు తగులుతున్నాయనీ దాని పీఠిక చెప్పింది. భక్తి ఎక్కువైనవాడే సాక్ష్యానికి జంకాడన్నమాట. అబద్ధాలకోరుకు ఆ బాధ ఎక్కడిది?

1873 ప్రమాణాల చట్టం మాత్రం ఒక కిటికీ తెరిచి ఉంచింది. ‘ఫలానా తీరున ప్రమాణం చెయ్యి, నీ మాటకు కట్టుబడతాను’ అని ఒక కక్షిదారు ఎదుటివాణ్ణి అడగవచ్చు. అవతలివాడు చేస్తే, అడిగినవాడి మీద అదే తిరుగులేని రుజువు. అయితే ఆ ప్రమాణం న్యాయానికీ మర్యాదకూ విరుద్ధంగా ఉండకూడదు, మూడో మనిషికి తగలకూడదు. అంటే బిడ్డ తలమీద చెయ్యేసి ఒట్టు పెట్టుకోవడం కుదరదు. ఆ ఒక్క షరతు చాలు, చట్టం రాసినవాళ్లకు మన ఇళ్ల సంగతి తెలుసుననడానికి.

1949 అక్టోబరులో రాజ్యాంగ పీఠికను దేవుడి పేరుతో మొదలుపెట్టాలని సభ్యుడు హెచ్.వి. కామత్ పట్టుబడితే రాజ్యాంగ సభ 68–41 ఓట్లతో కాదంది. పదవీ ప్రమాణంలో మాత్రం దేవుడి పేరా, ఆత్మసాక్షిగానా అన్నది ఎవరిష్టానికి వారికే వదిలేసింది. 1969 ప్రమాణాల చట్టం 1873 నాటి కిటికీని మూసేసి, సాక్షికీ అదే వెసులుబాటు ఇచ్చింది. అసలు ప్రమాణం చేయించడం మరిచిపోయినా సాక్ష్యం చెల్లుతుంది. అబద్ధమాడితే మాత్రం ఏడేళ్ల దాకా జైలు. ఇది మంచి మార్పే. ఇద్దరూ ఒకే దేవుడికి జడిసినప్పుడే ఒట్టుకు బలం, కోర్టుకొచ్చేవాళ్లు ఒక ఊరివాళ్లు కారు, ఒక నమ్మకంవాళ్లూ కారు.

కాణిపాకంలో కోనేట మునిగి వినాయకుడి ముందు ప్రమాణం చేసే ఆచారం ఇప్పటికీ ఉంది. తాగుడు మానతానని అక్కడ మొక్కి మాట నిలబెట్టుకునేవారిని ఆక్షేపించను, అది వారికీ స్వామికీ మధ్య సంగతి. కానీ అవినీతి ఆరోపణ వచ్చినప్పుడల్లా కాణిపాకం రమ్మని సవాలు విసిరే నాయకుణ్ణి ప్రజలు అడగాల్సింది ఒకటే: ముందు కాగితాలు బయటపెట్టండి.