కందెన పెట్టిన చేయి

చిన్న ట్రాక్టరు ముందు చక్రం లోపలి వైపు నల్లటి తడి వలయం కనిపించి, దాని మీద దుమ్ము అట్టకట్టిందంటే యాక్సిల్ సీల్ కారుతోందని ఎవరైనా చెప్పేస్తారు. మందు కూడా అందరికీ తెలిసిందే. చక్రం ఊడదీస్తారు, పాత సీల్ మీది అంకెలు చదువుతారు. షాఫ్టు లావు, గూడు వెడల్పు, సీల్ మందం, మూడూ మిల్లీమీటర్లలో ఉంటాయి. స్పేర్ పార్టుల కొట్లో అదే కొలతది తెచ్చి దిగ్గొడతారు. కొన్నాళ్లకు మళ్లీ అదే తడి తేలితే వినిపించే తీర్పు ఒకటే: డూప్లికేట్ సీల్. ఆ తీర్పు కొన్నిసార్లు నిజం, చాలాసార్లు తొందరపాటు. ఇరుసును తడిపి ఉంచడానికి మనిషి పడ్డ పాట్లు, ఆపైన ఆ తడిని లోపలే బంధించడానికి పడ్డ పాట్లు వరసగా చూస్తే, సీల్‌ను సీసా బిరడాలా చూడడంలోనే పొరపాటు ఉందని తెలుస్తుంది. షాఫ్టు, బేరింగు, నూనె, గాలి నాలుగూ కుదురుగా ఉన్నన్నాళ్లే నిలిచే ఒడంబడిక అది. కారడం ఆ ఒడంబడిక ఎక్కడో చెడిందని చెప్పే సాక్ష్యం. సాక్షిని శిక్షించి ఇంటికి పోతే నేరం మళ్లీ జరుగుతుంది.

ఎడ్లబండి కాలంలో ఈ తగవే లేదు. ఇరుసు చివర చక్రం జారిపోకుండా కడసీల ఉండేది. నూనె జారిపోకుండా ఆపేది మాత్రం ఏదీ ఉండేది కాదు. ఆముదంలో మసి కలిపి చేసిన కందెనను చక్రం నడిమి కుండలో ఇరుసు చుట్టూ పూస్తే, బండి నడిచే కొద్దీ అది బయటికి ఊరేది, దుమ్ముతో కలిసి రాలిపోయేది, మళ్లీ పూసేవారు. కరణాన్ని మంచి చేసుకోవాలని చెప్పడానికి సుమతీ శతకకారుడు ఇరుసు కందెననే పోలిక తెచ్చాడంటే, అది ఎంత నిత్యకృత్యమో ఊహించుకోవచ్చు. తొలినాటి ఆవిరి యంత్రాలదీ చాలావరకు ఇదే పద్ధతి: వత్తి ద్వారానో, చుక్కల గిన్నె నుంచో నూనె దిగుతుంది, పని చేస్తుంది, నేల పాలవుతుంది. కారడం అప్పుడు లోపం కిందికి రాదు, అదే విధానం. పైగా బయటికి ఊరే కందెన తనతోపాటు ఇసుకను, అరిగిన పొడిని కొంత ఈడ్చుకుపోయేది. అంతకంటే పెద్ద లాభం ఇంకొకటి ఉంది. కందెన పెట్టాలంటే చక్రం జరపాలి, జరిపినప్పుడల్లా ఇరుసు ఎంత అరిగిందో, చక్రం ఎంత ఊగుతోందో చేతికి తెలిసేది.

గేర్లు పెట్టెలోకి వెళ్లి నూనెలో మునిగి తిరగడం మొదలయ్యాక ఆ విధానం చెల్లలేదు. పెట్టెలోంచి షాఫ్టు బయటికి వచ్చే ప్రతి చోటా ఒక కంత, ప్రతి కంతకూ ఒక కాపలా కావాలి. మొదట తాడు చుట్టారు, ఫెల్టు కుక్కారు, తోలు బిగించారు. జర్మనీలోని వైన్‌హైమ్ పట్టణంలో 1849లో తోళ్లు పదునుచేసే వ్యాపారంగా మొదలైన ఫ్రాయిడెన్‌బర్గ్ సంస్థ, 1929 నాటి మాంద్యంలో తోలుకు గిరాకీ తగ్గాక, తోలు సీళ్ల తయారీకి దిగింది. అక్కడి ఇంజినీరు వాల్టర్ సిమ్మర్ 1930ల ఆరంభంలో రూపొందించిన షాఫ్టు సీల్‌ను జర్మన్లు ఇప్పటికీ సిమ్మరింగ్ అనే పిలుస్తారు. తోలు వేడికి బిగుసుకుపోతుంది, మామూలు రబ్బరు నూనె తాగి ఉబ్బుతుంది. నూనెకు లొంగని నైట్రైల్ రబ్బరు అదే దశాబ్దంలో జర్మన్ రసాయన పరిశ్రమ నుంచి వచ్చాకే సీల్‌కు నేటి రూపం కుదిరింది: గూట్లో బిగిసే ఇనప చట్రం, షాఫ్టును తాకే రబ్బరు పెదవి, ఆ పెదవిని నొక్కి పట్టే సన్నటి చుట్టు స్ప్రింగు.

ఆ పెదవి నిజంగా ఏం చేస్తుందో తెలియడానికి మరి రెండు దశాబ్దాలు పట్టింది. పెదవి షాఫ్టును గట్టిగా నొక్కి నూనెను ఆపుతుందని అందరూ అనుకున్నారు. 1957లో బ్రిటన్ పరిశోధకుడు జాగర్ పెదవి కింద కూడా పల్చటి నూనె పొర ఉంటుందని చూపించాడు. దాని మందం మైక్రాన్ లెక్కలో ఉంటుంది, మన తల వెంట్రుక దానికి పదుల రెట్లు లావు. ఆ పొర లేకపోతే పెదవి ఎండిపోయి కాలుతుంది, మందమైతే నూనె కారుతుంది. అంటే కారని సీల్ కూడా అడుగున తడిగానే ఉంటుంది. కందెన కాలం నాటి తడి మాయం కాలేదు, మైక్రాన్ మందానికి కుదించుకుపోయింది. షాఫ్టు మీద గోటికి తగిలే గాడి ఉన్నా, బేరింగు అరిగి షాఫ్టు ఊగినా, అంత పల్చటి పొర నిలవడం కష్టం.

దశాబ్దాల పాటు ట్రాక్టర్ల ముందు ఇరుసుకు ఈ గొడవ పెద్దగా లేదు. ముందు చక్రాలు బరువు మోసేవి, దారి తిప్పేవి. హబ్‌లో గ్రీజు కుక్కి మూత బిగిస్తే సరిపోయేది. మెత్తటి మడిలో, చిన్న కమతంలో, తేలికైన బండితో దున్నాల్సిన జపాన్ పరిస్థితి లెక్క మార్చింది. అక్కడ కుబోటా 1960లో తొలి ట్రాక్టరు తెచ్చింది. తర్వాతి ఏళ్లలో జపాన్ చిన్న ట్రాక్టర్లకు ముందు చక్రాల డ్రైవ్ గుర్తింపు చిహ్నమైంది. బురదలో వెనక చక్రాలు జారితే ముందువి లాగాలి. కానీ లాగే చక్రమే పక్కకు తిరగాలి కూడా. దీనికి జపాన్ కంపెనీలు వాడిన ఒక ఉపాయం బెవెల్ గేర్లు: ఇరుసు చివర శక్తి నిలువు షాఫ్టులోకి దిగి, కింద మళ్లీ అడ్డంగా మళ్లి చక్రానికి చేరుతుంది. చక్రం ఎంత వంకర తిరిగినా శక్తి తెగదు. అందుకు చెల్లించిన మూల్యం కంతల సంఖ్య. లోపలి షాఫ్టు వేగంగా తిరుగుతుంది. రెండడుగుల చక్రం గంటకు 20 కిలోమీటర్ల వేగంలో కూడా సెకనుకు మూడు చుట్లు మించి తిరగదు. పక్కకు మళ్లే గేరు పెట్టె అసలు చుట్టే తిరగదు, అటూ ఇటూ ఊగుతుంది. మూడు కదలికలకు మూడు రకాల కాపలా, అన్నీ నేలకు జానెడు ఎత్తులో.

ఆ ఇరుసు మీద తర్వాత పడిన బరువు వేరు. కుబోటా 1969లో అమెరికా మార్కెట్‌లోకి వెళ్లింది. అక్కడ చిన్న ట్రాక్టరుకు ముందు లోడరు తగిలించి మట్టి, పేడ, మంచు ఎత్తడం పరిపాటి. మడిలో తేలికగా నడవాలని పుట్టిన ఇరుసు ఇప్పుడు నిండు బకెట్టు మోయాలి. ఇటు మన దేశంలో, 1967లో మిత్సుబిషి సహకారంతో బెంగళూరులో పుట్టిన వి.ఎస్.టి. టిల్లర్స్ పవర్ టిల్లర్లతో మొదలై, 18 హార్స్‌పవర్ పైచిలుకు ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టరు దాకా వచ్చింది. ఇలాంటి బండ్లు తోటల్లోకి, మాగాణి దమ్ములోకి దిగాయి. దమ్ములో ఇరుసు పని చేసి వేడెక్కుతుంది, చల్లటి మడి నీళ్లు తగలగానే లోపలి గాలి ముడుచుకుంటుంది. గాలి పీల్చాల్సిన బ్రీదర్ బురదతో మూసుకుపోయి ఉంటే, ఆ పీల్పు సీల్ పెదవి మీదుగానే సాగి బురద నీరు లోపలికి చేరుతుంది. నూనె పాలు పోసిన టీ రంగుకు తిరుగుతుంది. వేడెక్కినప్పుడు అదే దారిన నూనె బయటికి తన్నుకొస్తుంది. కొత్త సీల్ వేసి బ్రీదర్ ముట్టుకోకపోతే రేపు కారేది ఆ కొత్త సీలే.

ఈ వాదనకు ఆక్షేపణలు లేకపోలేదు. నాసిరకం రబ్బరు, తుప్పు స్ప్రింగు ఉన్న సీళ్లు బజారులో ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. కానీ మంచి సీల్ వేసినా అదే చోట, అదే వైపు మళ్లీ కారుతుంటే రబ్బరు మీద నింద నిలవదు. రెండో మాట, అనేక పెదవులతో, తాను రుద్దుకునే ఉపరితలాన్ని కూడా తనలోనే పెట్టుకుని వచ్చే క్యాసెట్ సీళ్లు ఉన్నాయి, ఇంకా ఈ గోల దేనికని. ఆ సీళ్ల రూపమే ఈ వాదనకు పెద్ద రుజువు: తయారీదారు పెదవిని ఒక్కదాన్నే మార్చలేదు, షాఫ్టు ముఖాన్ని కూడా కలిపి మార్చాడు. అయినా ఊగే బేరింగును ఏ క్యాసెట్టూ సరిచేయలేదు. మూడో ఆక్షేపణ బరువైనది. నాట్ల అదునులో రైతుకు ఒక పూట కూడా విలువైనదే, బేరింగులు ఊడదీసి కూర్చోలేడు. నిజమే. అప్పటికి సీల్ ఒక్కటే మార్చి, కొత్త నూనె పోసి పని గట్టెక్కించడం తెలివైన పనే. దాన్ని మరమ్మతు అయిపోయినట్టు లెక్క కట్టడమే చేటు. అదును దాటాక ఆ ఇరుసు మళ్లీ విప్పాలి.

విప్పినప్పుడు చూడాల్సినవి నాలుగే. చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే బేరింగు సంగతి చెబుతుంది. పాత సీల్ నడిచిన చోట గోరు అడ్డంగా గీస్తే గాడి పట్టుకుంటుంది. గాడి ఉంటే సీల్‌ను కాస్త ముందుకో వెనక్కో కూర్చోబెట్టాలి, లేదా పల్చటి స్టీలు స్లీవ్ తొడగాలి. దించిన నూనె రంగు నీరు చొరబడిందో లేదో చెబుతుంది. బ్రీదర్ ఊదితే గాలి ఆడాలి. సీల్ వచ్చాక ఇరుసుకు ఏళ్ల తరబడి చేయి తగలనవసరం లేకుండా పోయింది, అది గొప్ప సుఖం. ఆ సుఖంలోనే, కందెన పెట్టడానికి చక్రం జరిపిన చేతికి అప్పనంగా తెలిసిన సంగతులన్నీ ఇనప పెట్టెలోకి వెళ్లి దాక్కున్నాయి. చక్రం లోపలి వైపు నల్లటి తడి వలయం ఆ చేతిని మళ్లీ పిలుస్తోంది. పిలిచినందుకు వెళ్లి సీల్ ఒక్కటే మార్చి రావడం, బండి కింద కందెన పూసి ఇరుసు వంక చూడకుండా లేచి రావడంతో సమానం.