కుర్చీ దిగిన థానోస్

లాల్‌దర్వాజా బోనాల మర్నాడు హరిబౌలి అక్కన్న మాదన్న గుడి ఘటం ఏనుగెక్కి చార్మినార్ మీదుగా నయాపుల్ వైపు కదులుతుంది. ఆ గుంపులో ఓసారి ఒక కుర్రాడి టీషర్టు మీద ఊదారంగు మొహం, గాట్లు పడ్డ గడ్డం కనబడ్డాయి. మార్వెల్ కామిక్స్ విలన్ థానోస్! మృత్యువు మెప్పు కోసం సగం విశ్వాన్ని చంపినవాడు, రోగాలు రానివ్వకమ్మా అని మొక్కే జాతరలో.

వీడు పుట్టింది కాలేజీ క్లాసులో. వీణ్ణి సృష్టించిన జిమ్ స్టార్లిన్ అమెరికా నౌకాదళంలో పనిచేసి వచ్చాక సైకాలజీ పాఠాలు విన్నాడు. అక్కడ చెవినపడ్డ మాట థానటోస్. గ్రీకుల మృత్యుదేవుడి పేరది. ఫ్రాయిడ్ చెప్పిన మరణ ప్రవృత్తికి తర్వాతివాళ్లు దాన్నే తగిలించారు. దానికి జోడీ ఇరోస్, బతుకు మీది మోహం. స్టార్లిన్ ఆ రెంటినీ అన్నదమ్ముల్ని చేశాడు.

మొదటి బొమ్మలో థానోస్ సన్నగా, కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అప్పటికే జాక్ కిర్బీ డీసీ కామిక్స్‌లో ‘న్యూ గాడ్స్’ నడిపిస్తున్నాడు. అందులో మెట్రాన్ అనే దేవుడు కుర్చీలో కూర్చునే లోకాలు తిరుగుతాడు. పోలిక మార్వెల్ సంపాదకుడు రాయ్ థామస్ కంట్లో పడింది. ఆయన కోప్పడలేదు. కొట్టేసేదేదో కిర్బీ పెద్ద విలన్ డార్క్‌సైడ్‌నే కొట్టెయ్, వీడికి కండ పెంచు అన్నాడు. కన్నం వేస్తే పెద్దింటికే వెయ్యమన్నట్టు! థానోస్ కుర్చీ దిగి, కొండంత మనిషయ్యాడు.

1973 ఫిబ్రవరి తేదీతో వచ్చిన ‘ఐరన్ మ్యాన్’ 55వ సంచికలో మైక్ ఫ్రెడ్రిక్ మాటలతో తొలిసారి కనిపించాడు. తమ్ముడు ఇరోస్, థానోస్‌ను చంపడానికే పుట్టిన డ్రాక్స్ కూడా ఆ సంచికలోనే. మళ్లీ అవకాశం వస్తుందో రాదో అన్నట్టు, మనసులో ఉన్నవాళ్లందర్నీ ఒక్క సంచికలో కుక్కేశాడు స్టార్లిన్.

నాకు అసలు పుట్టుక అది కాదనిపిస్తుంది. కొద్ది నెలల తర్వాత ‘కెప్టెన్ మార్వెల్’లో థానోస్ పక్కన ముసుగేసుకున్న ఆకారం ఒకటి నిలబడింది. ఆడది, మృత్యువు. వాడు వలచింది ఆమెనే. లోకాలు గెలవాలనుకునే విలన్లు కామిక్స్‌లో వీధికొకరు. ప్రేమించినదాని ముందు చేతులు కట్టుకున్నవాడు అరుదు.

మృత్యువు ఆడదనేది మనకు కొత్త కాదు. శాంతిపర్వంలో భీష్ముడు ధర్మరాజుకు చెప్పే కథ ఉంది. చావే లేక ప్రాణులు పెరిగి భూమికి ఊపిరాడలేదు. బ్రహ్మ కోపం లోకాలను కాలుస్తుంటే శివుడు ఆపమన్నాడు. అణచుకున్న ఆ కోపంలోంచి ఒక స్త్రీ పుట్టింది. చంపమంటే ఏడ్చింది, తపస్సుకు పారిపోయింది. చివరికి ఆమె కన్నీళ్లే రోగాలయ్యాయి.

1990లో ‘సిల్వర్ సర్ఫర్’కు కథలు రాస్తూ స్టార్లిన్ దాదాపు ఇదే లెక్క తీశాడు: బతికున్నవాళ్లు మితిమీరారని మృత్యువే థానోస్‌ను మళ్లీ బతికించి పంపుతుంది. అయితే ఆమెకు కన్నీళ్లు లేవు, వాడితో మాట్లాడదు కూడా. 1991లో ‘ఇన్ఫినిటీ గాంట్లెట్’లో చిటికేసి సగం ప్రాణుల్ని మాయం చేసినా ఆమె మనసు కరగలేదు. 2018లో వచ్చిన మార్వెల్ సినిమాలో ఆమెనే తీసేశారు. వాడు జనాభా లెక్కల గుమాస్తాలా మిగిలాడు. నాకది నచ్చలేదు.

టీషర్టు కుర్రాడు మాత్రం డప్పు దెబ్బకు పోతరాజు వెనకాల గెంతుతూ గుల్జార్ హౌజ్ దాటిపోయాడు. చెమటకు థానోస్ మొహం వాడి ఛాతీకి అతుక్కుపోయి ఉంది.