సొంత మగ్గం కోసం

చిన్న పరిశ్రమ పెట్టేవాడు లాభం కోసమే పెడతాడని మేము చదువుకున్న కామర్సు పుస్తకాలు చెప్పేవి. షోలాపూర్ పద్మశాలీల చరిత్ర తెలుసుకున్నాక ఆ మాట సగమే నిజమని నాకు తోచింది.

తెలంగాణ పల్లెల నుంచి మన నేతగాళ్లు తరతరాలుగా షోలాపూర్ చేరుతూ వచ్చారు. 1860లో అక్కడికి రైలు వచ్చింది. నూలు తెప్పించుకోవడానికీ, చీరలు దూరపు ఊళ్లకు పంపడానికీ వీలు కలిగింది. 1876-78 నాటి కరువు దక్కనులో ఎందరినో ఊళ్లు విడిపించింది. 1877లో షోలాపూర్‌లో పెద్ద బట్టల మిల్లు వెలిసింది. మిల్లులో కూలి దొరుకుతున్నా చాలామంది చేతిమగ్గం వదల్లేదు. మరాఠీ రైతు స్త్రీలు కట్టే తొమ్మిది గజాల చీరలు నేస్తూనే ఉన్నారు.

కారణం ఇంట్లోనే ఉంది. మిల్లు కూలి ఒక్కడిది. మగ్గం దగ్గర భార్య కండెలు చుడుతుంది, ముసలి తండ్రి పడుగు సరిచేస్తాడు. ఇంటిల్లిపాదికీ పని.

రెండో కారణం బాకీ. మగ్గం లేనివాడు కార్ఖానా యజమాని దగ్గర ముందుగా డబ్బు తీసుకుని, అది తీరేదాకా అక్కడే నేయాలి. పెళ్లికో, జబ్బుకో మళ్లీ తీసుకుంటే బాకీ మళ్లీ పెరుగుతుంది. అలాంటివాడికి సొంత మగ్గమంటే లాభం కన్నా ముందు విడుదల. అయితే అలా పైకొచ్చినవారిలో కొందరు తామే కార్ఖానాలు పెట్టి, తోటి పద్మశాలీలకే బాకీలిచ్చి కట్టేసుకున్నారు. ఇదీ మన చరిత్రే, దాచుకోనక్కరలేదు.

నూలు చీరలకు గిరాకీ తగ్గాక పవర్‌లూములు వచ్చాయి. దుప్పట్లు, తువ్వాళ్లు వచ్చాయి. షోలాపూర్ చద్దరుకు 2005-06లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ పేరు వెనుక ఆడవాళ్ల బీడీలు కూడా ఉన్నాయి. నూలు ధర పెరిగి మగ్గం ఆగిన వారాల్లో పొయ్యి వెలిగించింది ఇంట్లో చుట్టిన బీడీల కూలే. మగవాడు ధైర్యంగా మగ్గం పెట్టాడంటే ఆ కూలి ఉందన్న నమ్మకం కూడా ఒక కారణం. బ్యాంకు ఉద్యోగంలో ఎన్నో అప్పు దరఖాస్తులు చూశాను. హామీ ఎవరిదని అడిగే గడి ఉండేది. భార్య బీడీల లెక్క రాయడానికి గడి ఉండేది కాదు.

ఆనాటి పెద్ద మిల్లులు మూతబడ్డాయి. మగ్గాల పనిలోకి రావడానికి నేటి పిల్లలు ఇష్టపడటం లేదు. వారిని తప్పుపట్టలేం. మీ ఇళ్లలో పాత బాకీ కాగితాలు, కూలి పుస్తకాలు ఉంటే మాత్రం పారేయకండి. మనవాళ్లు ఎందుకు మగ్గం పెట్టారో వాటిలోనే రాసి ఉంది.