చెఱువుకట్ట – ఊరికట్టుబాటు

శీతోష్ణస్థితి మారుచున్నదనియు, దానికి తగినట్లు మన బ్రదుకుతెరువును మార్చుకొనవలయుననియు నేడు లోకమంతట వినవచ్చుచున్నది. మాట క్రొత్తదేగాని పని క్రొత్తది కాదు. నిలుకడలేని వానతో కాపురము చేయుట మన పూర్వులు ఏనాడో నేర్చుకొనిరి. వారు దాని నెట్లు నేర్చిరి, ఆ నేర్పు మనకడ ఎట్లు సన్నగిల్లెను అను రెండు ప్రశ్నలకు చరిత్ర యిచ్చు సమాధానమును మీ యెదుట నుంచుచున్నాను.

తెలుగుదేశమునకు రెండు రూపములు కలవు. గోదావరీ కృష్ణానదులు సముద్రమును జేరుచోట నున్న డెల్టా యొకటి. తెలంగాణము, రాయలసీమ యను మెట్టభూమి మఱియొకటి. మెట్టసీమలో ఏఱులు పొలముకంటె పల్లమున పాఱును. నేలక్రింద చాలచోట్ల ఱాతిపొర. ఏడాది కురియవలసిన వానలో పెద్దపాలు కొలది దినములలోనే కురిసిపోవును. అనంతపురము సీమలో సంవత్సరమంతయు గూడి సగటున పడు వాన సుమారు 55 సెంటీమీటర్లు. ఇట్టిచోట వానను కోరుకొనుట మాత్రము చాలదు. పడినదానిని పట్టి నిలుపవలయును. ఆ యవసరమునుండి పుట్టినదే చెఱువు.

కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1199 మొదలు 1262 వఱకు ఓరుగల్లున రాజ్యము చేసెను. ఆయన సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన గుడి శాసనము 1213 నాటిది. ఆ గుడికి చేరువనే రామప్పచెఱువు కలదు. పాకాల, లక్నవరము చెఱువులును కాకతీయుల కాలమునకు చెందినవే. 2021లో ఆ గుడి ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపబడినది. గుడిని చూడబోవువారు చెఱువును గూడ చూడవలయును. ఏలయన, శిల్పము కన్నులకు విందు చేసినది, చెఱువు ఎనిమిది వందల యేండ్లుగా కడుపు నింపినది.

ఇట్టి పెద్ద చెఱువులే కాక, వాగు వెంబడి ఒకదానిక్రింద నొకటిగా చిన్న చెఱువులను గట్టిరి. వీనిని గొలుసుకట్టు చెఱువులందురు. పై చెఱువు నిండి అలుగు పాఱిన నీరు క్రింది చెఱువును జేరును. ఒక్క వాన పది యూళ్ల పొలములకు పనికివచ్చును. పెద్దవాన వచ్చినప్పుడు వఱద వేగము తగ్గును. వానలు వెనుకబట్టినప్పుడు కట్టక్రింది బావులు ఎండిపోవు. కఱవునకును వఱదకును ఒక్కటే మందు అని వారు గ్రహించిరి.

చెఱువు కట్టుట వారికొక శాస్త్రము. కడపమండలమందలి పోరుమామిళ్ల శాసనము ఇందుకు సాక్షి. విజయనగర చక్రవర్తియైన మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు త్రవ్వించిన చెఱువునుగూర్చి 1369లో వ్రాయబడిన శాసనమిది. దినమునకు వేయిమంది కూలీలు, నూఱు బండ్లు, రెండేండ్లు పని జరిగెనని అందున్నది. మంచి చెఱువునకు కావలసిన పండ్రెండు సాధనములును, చెఱువునకు వచ్చు ఆఱు దోషములును అందు ఎన్నబడినవి. కట్టనుండి నీరూరుట, చవిటినేల, రెండు రాజ్యముల పొలిమేరను ఉండుట, చెఱువు నడుమ మెఱక యుండుట అనునవి నాలుగు దోషములు. కడమ రెండింటిని శ్రద్ధగా వినవలయును: నీరు తక్కువయై నేల విశాలముగా నుండుట యొకటి, నేల తక్కువయై నీరు మిక్కుటముగా వచ్చుట మఱియొకటి. చెఱువు చేయు మేలంతయు వచ్చు నీటికిని నిలుచు తావునకును గల పొత్తులో నున్నదని ఆ కాలపువారు తెలిసికొనిరన్నమాట.

అయితే కట్టించినవాని కీర్తి శాసనములో నిలిచినను, చెఱువు నిలిచినది మాత్రము ఊరి కట్టుబాటువలననే. చెఱువును త్రవ్వించినవారికిని, దాని బాగోగులు చూచువారికిని దశబంధమను మాన్యము కలదు. పేరునుబట్టి అది పదవవంతు. తూము తీయుటకును మూయుటకును, మడిమడికి నీరు పాఱించుటకును తెలంగాణమున నీరటి, రాయలసీమలో నీరుగంటి యుండెడివాడు. అతడు నీటికి న్యాయాధికారి వంటివాడు. ఎండకాలమున పూడిక తీసి ఆ యొండ్రుమట్టిని పొలములకు తోలుకొనెడివారు. చెఱువునకు లోతు, చేనికి సారము, రెండును ఒక్క పనితో సమకూరెడివి. నీరు చాలని యేట వంతులు వేసికొని పాఱించుకొనెడివారు. ఇందు కొఱతలు లేకపోలేదు: మట్టి మోసినవారిలో ఎందఱికో ఆయకట్టున కుంట భూమియైన లేదు. ఆ యన్యాయమును మెచ్చుకొనవలసిన పనిలేదు. ఊరంతయు ఒక్క నీటిపై కన్నుంచిన అలవాటును మాత్రము మఱువరాదు.

పందొమ్మిదవ శతాబ్దమున ఈ యలవాటు సడలెను. కుంపెనీ ప్రభుత్వమునకు శిస్తుమీద నున్న శ్రద్ధ చెఱువుమీద లేకపోయెను. 1832–33లో, నందననామ సంవత్సరమున, గుంటూరుసీమను డొక్కలకఱవు పట్టుకొని జనములో ఇంచుమించు మూడవవంతును మ్రింగెను. 1858లో కట్టలు తెగునప్పుడు రైతులు తప్పక పనికి రావలయునని చెన్నరాజధానిలో చట్టము చేసిరి. చట్టము మనుష్యుని కట్టమీదికి తేగలదుగాని, ఆ చెఱువు తనదను తలంపును తేలేదు.

డెల్టాకు మాత్రము మంచికాలము వచ్చెను. ఆర్థర్ కాటను దొర పూనికపై ధవళేశ్వరము ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసెను. బెజవాడయొద్ద కృష్ణ ఆనకట్ట 1855 నాటికి లేచెను. కఱవుసీమ ధాన్యాగారమాయెను. కాని గోదావరి నీరు గుట్టలెక్కి రాయలసీమకు పోజాలదు. 1876–78లో వచ్చిన ధాతకఱవున బళ్లారి, కర్నూలు, కడప సీమల ప్రజలు అసంఖ్యాకముగా మడిసిరి. ఒక సీమకు కుదిరిన మందు వేఱొక సీమకు కుదరదని ఇందువలన తెలియుచున్నది. డెల్టాకు ఆనకట్ట, మెట్టకు చెఱువు. సముద్రతీరమునకు వేఱొకటి, నగరమునకు వేఱొకటి కావలయును.

నగరము సంగతి చూడుడు. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదున సుమారు 15,000 మందిని పొట్టనబెట్టుకొనెను. ఎగువనున్న చెఱువులు అనేకములు తెగుట ఆ యుపద్రవమును పెంచెను. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు పరిశీలించి, వఱదనీటిని పైననే పట్టవలయునని సూచించిరి. 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు వెలసినవి. నాశము చేసిన నీరే త్రాగునీరాయెను. పిదప నగరము పెరిగి చెఱువుల గర్భములలోనే ఇండ్లు లేచినవి. 2020 అక్టోబరు వానలకు అట్టి పేటలెన్నో మునిగినవి. నీరు తన చోటునకు తాను వచ్చినది.

తీరపుసంగతి ఇంకను బోధకరము. 1977 నవంబరు 19న దివిసీమపై విఱుచుకుపడిన ఉప్పెన పదివేలమందికి తక్కువగాక బలిగొనెను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినప్పుడు ఆస్తినష్టము అపారమైనను, ప్రాణనష్టము ఆనాటితో పోల్చదగినది కాదు. గాలి మెత్తబడలేదు. హెచ్చరిక ముందుగా అందెను, లక్షలాది జనమును ముందుగా తరలించిరి, జనులు మాట వినిరి. ఇదియు కట్టుబాటే.

ఇక నేటి మార్పు. బొగ్గు, నూనె కాల్చిన పొగవలన భూమి వేడిమి పందొమ్మిదవ శతాబ్దపు నడిమికంటె ఒక డిగ్రీకి పైగా పెరిగినదని శాస్త్రజ్ఞులు తేల్చిరి. ఒక డిగ్రీ వేడెక్కిన గాలి నూటికి ఏడుపాళ్లు హెచ్చుగా నీటియావిరిని మోయగలదు. కనుక వాన కురిసినప్పుడు కుండపోతగా కురియును; కురియని దినములు పొడుగగును. పోరుమామిళ్ల శాసనమున వేఱువేఱు చెఱువుల దోషములుగా చెప్పబడిన రెండును, నీటికొఱతయు నీటి మిక్కుటమును, ఇప్పుడు ఒక్క చెఱువునకే ఒక్క యేటనే పట్టవచ్చును. జూలైలో అడుగు బీటలువాఱిన చెఱువే సెప్టెంబరులో కట్ట తెంచుకొనవచ్చును. పూర్వపు వానకు కొలిచి కట్టిన అలుగు నేటి వానకు చాలునా అని మరల కొలువవలయును.

తెలంగాణమున 46 వేలకు పైబడిన చెఱువులను బాగుచేయ నుద్దేశించి 2015లో మిషన్ కాకతీయ యను పని మొదలు పెట్టిరి. పూడిక తీసిరి, ఒండ్రు పొలములకు చేరెను. మంచి పని. కాని పూడిక ప్రతి వానతోను వచ్చును. యంత్రము ఒకసారి తీయగలదు. ఏటేట చూచువాడు ఊరివాడే. బోరుబావులు వచ్చిన తర్వాత ఎవరి నీరు వారిది యను భావము బలపడినది. అయినను బోరులోని నీరు చెఱువునుండి ఇంకినదే. చెఱువెండిన పిదప బోరు ఎంత లోతునకు పోయినను పోయినది అప్పులోనికే.

పెద్దలారా! మీ యూరి చెఱువునకు నీరు తెచ్చు వాగు ఎచటనుండి వచ్చెడిదో, ఏ కాలువ పూడినదో, ఏ పొలము ఒకనాడు చెఱువుగర్భమో మీకు తెలియును. ఏ కొఱ్ఱ, ఏ సజ్జ, ఏ జొన్న తక్కువ వానకు పండెడిదో మీకు తెలియును. ఈ తెలివి శాసనములపై లేదు. మీతో పోయినచో మరల దొరకదు. దానిని పంచాయతీలో చెప్పి వ్రాయింపుడు, పిల్లలకు నడిచి చూపింపుడు. చెఱువునకు కావలియుండువానిని ఊరు పోషింపవలెను. ఆయకట్టు లేనివానికిని ఆ నీటిలో, చేపలో, మేతలో పాలుండవలెను. అందఱకు పాలున్న చెఱువునే అందఱును కాచెదరు. రాబోవు కాలపు వాన యెట్లుండునో మన చేతిలో లేదు. అది పడిన నాడు కట్ట మీద మనుష్యులుండుట మన చేతిలో నున్నది.